మూడింట్లో రెండే

పరీక్షా పేటిక మూత వేసి, సూది నిలకడకి వచ్చేదాకా ఆగింది కౌముది. గాజు అరలో పడుకున్న ఫోను, ఎవరూ ఏమీ అడగకపోయినా, తన పాటికి తాను ఊరంతటినీ కమ్ముకున్న, కంటికి కనబడని పొరతో మాట్లాడుతూనే ఉంది. సూది ఎర్రగీత దాటి వణికింది.

"చూశారా మాస్టారూ, మీ జేబులో ఉన్నంతసేపూ ఇది చేసే పని ఇదే. ఎటు నడిచారు, ఏ కొట్టు ముందు ఆగారు, ఎవరి గొంతు వినగానే మీ గొంతు మారింది, అన్నీ పొరకి చెప్పేస్తుంది."

"ఊరికే ఇస్తున్నారు కదమ్మా" అన్నాడు ఎదురుగా కూర్చున్న డ్రాయింగు మాస్టారు.

"చెబుతుంది కాబట్టే ఊరికే ఇస్తున్నారు."

విశాఖ ఫోన్ల ఎంపిక కేంద్రంలో ఆమె ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో చెప్పే మాట మళ్ళీ చెప్పింది. గోప్యంగా ఉండాలి, చేతిలో ఇమడాలి, ధర అందాలి. మూడింట్లో రెండే దొరుకుతాయి. బల్ల మీది మూడు వెలుగుగీతలు కూడా అదే చెప్పేవి. ఏ ఫోను పెట్టినా రెండు పైకి లేస్తే మూడోది కిందే ఉండిపోయేది.

ఆకు అనే ఫోను పల్చన, ఖర్చు లేదు. దానిలో ఆలోచన అంటూ ఏమీ ఉండదు. అడిగిన ప్రతిదానికీ ఊరిమీద పరుచుకున్న పొరే ఆలోచించి జవాబిస్తుంది, విన్న ప్రతి మాటనీ దాచుకుంటుంది. ఇటుక అనేది తన ఆలోచన తానే చేసుకుంటుంది, ఒక్క మాట బయటికి పోనివ్వదు. అయితే పేరుకి తగ్గట్టే ఇటుకంత బరువు, ఎండాకాలంలో పొయ్యిలా కాలుతుంది. ఇక గవ్వ. అరచేతిలో ఇమిడిపోతుంది, నోరు విప్పదు. దాన్ని కొనే వాళ్ళు ఈ కేంద్రానికి రారు, కేంద్రమే వాళ్ళ ఇళ్ళకి వెళ్తుంది.

"దాచుకునేంత బతుకా మాది" అంటూ మాస్టారు ఆకునే జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అందరూ అనే మాటే అది. కౌముదికి ఎన్నిసార్లు విన్నా గుచ్చుకుంటూనే ఉంటుంది.

తరవాత లోపలికి వచ్చింది ఒక మనిషి కాదు, ఏడుగురు. చేపల రేవు ఆడవాళ్ళు. చీరల అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి. అందరికంటే ముందున్నావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా పేరు నూకరత్నమమ్మా. చాడీలు సెప్పని ఫోను ఉంటాదంట గదా, అదొకటి గావాల."

"ఎవరికమ్మా?"

"మా ఏడుగురికీ. తలొకటి కొనుక్కునేటంత ఉంటే నీ కాడికెందుకొత్తాం?"

"అసలేం జరిగిందో చెప్పండి."

నూకరత్నం వెనక్కి చూసి, మళ్ళీ ఇటు తిరిగింది. "రేవులో బేరమరి మిషను ఉంది గదా. గంప దింపగానే దర పలుకుద్ది. మొన్న ఐసు అయిపోనాది, మజ్జాన్నంలోగా అమ్మీకపోతే సరుకు సెడిపోద్దని మా మరిదితో ఫోన్లో అన్నాను. అంతే! నాను ఎంతకి దిగుదామనుకున్నానో సరిగ్గా అంతే పలికింది. రూపాయి కదల్లేదు. నా కడుపులో మాట దానికెవరు సెప్పీసినారు?"

ఎవరు చెప్పారో కౌముదికి తెలుసు. పొర విన్న మాటల్ని బేరమరి కొనుక్కుంటుంది. ఇందులో నేరమేమీ లేదు, అంతా నిబంధనల ప్రకారమే. ఆ నిబంధనల పుస్తకం చదివే ఆమె ఈ ఉద్యోగంలో చేరింది.

ఇటుక తీసి చూపించింది. నూకరత్నం దాన్ని రెండు చేతులతో ఎత్తి నడుం దగ్గర పెట్టుకుని చూసుకుంది. "నెత్తిన గంప, సేతిలో కత్తి, నడుం మీద ఇదా? నాను సేపలమ్మాలా, గోడ కట్టాలా?" ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. గవ్వ ధర వినగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"సరే, ముందు మీ ఫోన్లు ఎంత బయటపెడుతున్నాయో చూద్దాం. ఒక్కొక్కటీ ఇవ్వండి."

నూకరత్నం అప్పటికే అందరి ఫోన్లూ చెంగులో పోగేసింది. వద్దనేలోపే అన్నిటినీ పేటికలో గుమ్మరించేసింది. మూత దానంతటదే పడిపోయింది.

ఏడు ఆకులు ఒక్కసారే! సూది విరిగిపోతుందేమోనని కౌముది చెయ్యి చాపింది. సూది పైకి లేచింది, ఒకసారి ఊగింది, తరవాత మెల్లగా దిగుతూ వచ్చి సున్నా మీద పడుకుంది.

పేటిక పాడయిందనుకుంది. వేలితో తట్టింది. సూది కదల్లేదు. మూత తీసి ఒక ఫోను బయట పెట్టింది. మార్పు లేదు. ఇంకొకటి తీసింది. లేదు. పసుపుపచ్చ తొడుగున్నది తీయగానే సూది ఎర్రగీత దాకా ఎగిరింది. గబుక్కున మూడింటినీ మళ్ళీ లోపల పెట్టింది. సూది పడుకుంది.

"ఇదెవరిది?"

నూకరత్నం మొహం గోడవైపు తిప్పుకుంది. చివరికి మూలన నిలబడ్డ బక్కపల్చటి ఆవిడ ముందుకొచ్చింది. "నాదేనమ్మా. పోలమ్మ నా పేరు."

"దీన్ని ఏం చేశారు?"

"ఏటీ సెయ్యలేదు! మొన్నటి గాలివానకి తుపాను మీట నొక్కినాను. మల్లీ తియ్యలేదు. మా ఆయన పడవ దగ్గిర్లోకొత్తే, పొరతో పని లేకండా మాట ఇనబడతాది. బాగుందని ఒగ్గీసినాను."

తుపాను మీట ప్రతి ఫోనుకీ ఉంటుంది. ఉండి తీరాలని చట్టం. గాలివానకి పొర తెగిపోయినప్పుడు పక్కపక్కనున్న ఫోన్లు ఒకదాన్నొకటి పిలుచుకుని, కేకలు అందించుకోవడానికి ఆ ఏర్పాటు. అందుకోసమే ప్రతి ఆకులోనూ ఆలోచన పుట్టించే ఒక చిన్న గింజ ఉంటుంది. ఆ గింజ ఒక్కటే ఏమీ ఆలోచించలేదు. పోలమ్మ ఫోను మిగతా ఆరింటినీ పిలిచింది. అవి పొరని వదిలేసి దీనితో కలిశాయి.

మరి ఏడు గింజలు కలిస్తే?

కౌముది పేటిక మీదికి వంగి అడిగింది. "ఇవాళ వంజరం చేప ఏ రేవులో ఎక్కువ పలుకుతోంది?"

జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది. తరవాత ఏడు ఫోన్లూ ఒకే గొంతుతో చెప్పాయి, భీమిలి రేవులో అని. సూది చిటికెడంత ఎగిరి పడుకుంది. ప్రశ్న బయటికి వెళ్ళింది, అడిగినదెవరో మాత్రం వెళ్ళలేదు. కౌముది ఫోన్లు లోపల దాచుకున్నదాన్ని తెర మీద తెరిచి చూసింది. తను అన్న మాట ఏడు ముక్కలైంది, ఫోనుకొక ముక్క. ఏ నాలుగు కలిసినా మాట అర్థమవుతుంది. మూడే కలిస్తే వట్టి గోల.

బల్లవైపు చూసింది. మూడు వెలుగుగీతలూ పైఅంచుని తాకి వెలుగుతున్నాయి. ఈ కేంద్రంలో ఎవరూ ఎన్నడూ చూడనిది. ఇన్నేళ్ళూ ఒక మనిషి, ఒక ఫోను, ఒక పరీక్ష అన్న పద్ధతి ఎవరూ దాటలేదు మరి.

"ఏటైనాదమ్మా? పాడైపోనాదా?" నూకరత్నం కంగారుపడింది.

"పాడవలేదు! మీకు కొత్త ఫోను అక్కర్లేదు. మీ దగ్గరున్నవే చాలు, ఏడూ కలిసి ఉంటే చాలు!" కౌముది గొంతు తనకే కొత్తగా వినబడింది. ఆపుకుని, నెమ్మదిగా చెప్పింది. "ఒక్క సంగతి. మీలో నలుగురు కలిసి ఎవరికైనా అమ్మేయాలనుకుంటే మీ ఏడుగురి మాటలూ బయటపడతాయి. దానికి తాళం లేదు. ఎవరిని కలుపుకుంటారో మీరే చూసుకోవాలి."

అందరూ నూకరత్నంవైపు, ఆ తరవాత పోలమ్మవైపు చూశారు.

"అదీ నానూ మాటాడుకుని మూడేళ్ళయింది" అంది నూకరత్నం, గోడనే చూస్తూ. "వల కాడ గొడవొచ్చింది. తప్పెవరిదన్నది ఇప్పుడొద్దు. కానీ అది బేరమరికి సాయం సేసే మనిషి కాదు. దాన్ని కూడా జట్టులో పెట్టమ్మా."

పోలమ్మ పేటికలోకి చెయ్యి పెట్టింది. పసుపుపచ్చ ఫోనుని మిగతావాటి మధ్యలోకి జరిపింది.

అప్పుడే తలుపు తోసుకుని కేంద్రాధికారి ప్రభంజన్ వచ్చాడు. మూడు గీతల వెలుగు ఆయన గదిలోని తెర మీద కూడా కనబడింది. వచ్చి పేటికని చూశాడు, ఏడుగురినీ చూశాడు, అడగకుండానే అర్థం చేసుకున్నాడు.

"పేటిక చెడిపోయిందని రాసెయ్యండి, కౌముదిగారూ."

"చెడిపోలేదు సార్."

"నాకూ తెలుసు." ఆయన గొంతు తగ్గించాడు. "పొర గాలికి నడవడం లేదు. వీళ్ళ మాటలు అమ్ముకుని నడుస్తోంది. బస్సులు వేళకొస్తున్నాయంటే, ఆస్పత్రిలో మంచం ఎక్కడుందో క్షణంలో తెలుస్తోందంటే దానివల్లే. అందరూ నోళ్ళు మూసుకుంటే దాన్ని ఎవరు పోషిస్తారు?"

కౌముది పరీక్షాపలక సంచిలో వేసుకుంది. ఆయన అన్నది అబద్ధం కాదు. "క్షేత్రపరీక్ష చేయకుండా చెడిందనీ రాయలేను, పనిచేసిందనీ రాయలేను సార్. రేవులో మధ్యాహ్నం వేలంపాట ఉంది. వెళ్ళొస్తాను."

ప్రభంజన్ తలుపు తీసి పట్టుకున్నాడు. "వెళ్ళండి. నివేదిక మీద వేలిముద్ర వేసే ముందు మాత్రం నాతో మాట్లాడండి."

రేవులో ఎండ మండిపోతోంది. షెడ్డు కింద పాట మొదలైపోయింది. బేరమరి అంటే మనిషెత్తు ఉక్కు స్తంభం. నెత్తిమీద దీపం, దాని కింద చిల్లుల మూతి. ఎవరు గంప దింపినా ఊపిరి తిప్పుకోకముందే ధర పలికేది. అమ్మేవాళ్ళు కిక్కురుమనకుండా ఒప్పుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు. కొన్నేళ్ళుగా ఆ షెడ్డులో కేకలే లేవు.

నూకరత్నం వంతు వచ్చింది. ఏడు ఫోన్లూ ఏడుగురి బొడ్లలో ఉన్నాయి. గంప దింపింది. బేరమరి దీపం గిర్రున తిరిగింది. పొరలో దొరకని మాట కోసం మళ్ళీ తిరిగింది. వెనక వరసలో ఎవరో, "ఏటి, సచ్చిపోనాదా?" అన్నారు.

"మీ ధర చెప్పండి" అంది బేరమరి.

అది ధర అడగడం అంతకు ముందెన్నడూ ఎవరూ వినలేదు. నూకరత్నానికి ఏమడగాలో తోచలేదు. అప్పుడు ఏ మూలనుంచో పాత నూకరత్నం మేలుకున్నట్టు నడుం మీద చెయ్యేసుకుని, ఎవరూ ఊహించని ధర ఒకటి విసిరింది. బేరమరి అందులో సగం అంది. నూకరత్నం పకపకా నవ్వి, గంప మళ్ళీ నెత్తికెత్తుకుని వెనక్కి తిరిగి నడిచింది.

"ఆగండి" అంది బేరమరి. ధర పెంచింది.

నూకరత్నం అడుగు తడబడింది. ఒప్పుకునేలా ఉంది.

"ఒప్పుకోకే రత్నం!" వెనకనుంచి పోలమ్మ గావుకేక పెట్టింది. "ఇంకా ఎక్కుద్ది! భీమిలిలో ఇంతకంటే ఎక్కువే ఇత్తన్నారు! నడువు, నడిసెయ్!"

నూకరత్నం ఒక్కసారి వెనక్కి చూసింది. కళ్ళు తళుక్కుమన్నాయి. మళ్ళీ నడక సాగించింది. బేరమరి ఇంకోసారి ఆగమంది, ఇంకోసారి పెంచింది. మూడోసారి పెంచాక గానీ గంప నేల మీదికి దిగలేదు. దిగగానే షెడ్డు అదిరిపోయేలా కేకలు, ఈలలు, చప్పట్లు. పోలమ్మా నూకరత్నమూ ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. తనూ గెంతుతున్నానని కాసేపటికి గానీ కౌముదికి తెలియలేదు.

పక్కకి వచ్చి ప్రభంజన్‌కి ఫోను చేసింది. "పనిచేసింది సార్. అది అడిగింది. వీళ్ళని ధర చెప్పమని అడిగింది!"

అవతల నిట్టూర్పు. "మీ వేలిముద్ర పడిందంటే తీరం పొడుగునా ప్రతి కేంద్రంలో, ప్రతి తెర మీదా కనబడుతుంది. వెనక్కి తీసుకోలేం. పొర సంగతి ఏమిటన్నానే, దానికేమంటారు?"

"కరెంటుకి కట్టడం లేదా సార్? నీళ్ళకి కట్టడం లేదా? పొరకీ కడదాం. నేనూ కడతాను. ఆవిడ తన మరిదితో చెప్పుకున్న మాటతో మాత్రం కట్టించవద్దు."

"పై వాళ్ళు మిమ్మల్ని వదలరు."

"తెలుసు సార్."

పరీక్షాపలక తీసింది. బొటనవేలికి చేప పొలుసు అంటుకుని ముద్ర పడలేదు. పోలమ్మ చూసి తన చెంగు అందించింది. కౌముది వేలు తుడుచుకుని గట్టిగా నొక్కింది. పలక పచ్చగా వెలిగింది. ఏడు ఆకులు, తుపాను మీట, గోప్యత సంపూర్ణం, బరువు లేదు, ఖర్చు లేదు. మరుక్షణంలో అది భీమిలి చేరింది, పూడిమడక చేరింది, అక్కడినుంచి ఎంత దూరం పోయిందో ఆమె చూడలేకపోయింది. షెడ్డులో ఆడవాళ్ళు అప్పటికే ఫోన్లు పట్టుకుని ఆమె చుట్టూ మూగేశారు.

రేవు గేటు దగ్గర వాళ్ళందరినీ వదిలించుకునేసరికి ఫోను మోగింది. ప్రభంజన్. ఆయన వెనక పెద్ద రొద.

"కౌముదిగారూ, ఎక్కడున్నారు? బేగి రండి!" ఆయన నోట ఆ యాస ఆమె ఎప్పుడూ వినలేదు. "హాలు నిండిపోయింది. ఒక్కరూ ఫోను చూపించమని అడగడం లేదు. నిన్ను చేర్చుకోనంటే నిన్ను చేర్చుకోనని కొట్టుకుంటున్నారు. అన్నదమ్ములు అలిగి చెరో మూలా కూర్చున్నారు. పొద్దున్నొచ్చిన డ్రాయింగు మాస్టారు ఆరుగురిని వెంటేసుకొచ్చాడు, అందులో ఒకావిడ ఆయనెవరో తనకి తెలియదంటోంది! టోకెన్ యంత్రమేమో మనిషికొకటే ఇస్తోంది, ఏడుగురూ ఒకేసారి గదిలో దూరుతున్నారు. ఏం చెయ్యమంటారు?"

ఆయన గొంతులో కోపం కోసం వెతికింది. కనబడలేదు.

"యంత్రం ఆపేసి, చీటీలు మీరే చించి ఇవ్వండి సార్. ఏడుగురికీ కలిపి ఒకటి" అని, కౌముది ఆటోకి చెయ్యెత్తింది.