కట్టు కట్టిన కొమ్మ

"నా నూనె సీసా ఏడ వాయె? పొద్దుగాల పొద్దుగాల ఎవల చేతికి దొరికింది?"

బుచ్చవ్వ తడితలకు తువ్వాలు చుట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. లోపల ఆమె కోడలు సుమశ్రీ నేల మీద పాత పేపర్లు పరుచుకుని పనసపండు కోస్తోంది. కత్తి నూనెతో మెరుస్తోంది.

"జిగురు అంటకుండ కత్తికి రాసిన అత్తమ్మా. కొబ్బరినూనె తెమ్మంటే మంజు ఇది తెచ్చింది."

"అది ఉత్త కొబ్బరినూనెనా? మల్లెపూల వాసనది. అడిగి అడిగి తెప్పించుకున్న!"

సుమశ్రీ కత్తిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖం మాడిపోయింది. "అయ్యో మంజూ! తొనలన్నీ పాడుచేసినవ్ కదే."

"పాడేంది మమ్మీ, మస్తుగున్నయ్. సెంటు కొట్టుకున్న పనస," అంటూ ఇంజనీరింగ్ చదివే కూతురు మంజుశ్రీ ఇంకో తొన నోట్లో వేసుకుంది.

"నవ్వు, నవ్వు. రేపు నా తలకు పనస జిగురు రాసుకుంట, చూసి నవ్వుదువు," అంది నానమ్మ, సీసాను కొంగుతో తుడుచుకుంటూ.

సుమశ్రీ మాత్రం నవ్వలేదు. కత్తిని సబ్బుతో రెండుసార్లు కడిగి, పల్లీనూనె రాసి, పండు రెండో సగం ముందుకు లాక్కుంది. ఆమె పద్ధతే అంత. మేడ మీద నీలం డ్రమ్ముల్లో పెంచే పనసల్ని పోల్చేటప్పుడు మధ్యలో ఇంకో వాసన రాకూడదు. తినేవాళ్ళు కళ్ళు మూసుకోవాలి. ఒక రకానికీ మరో రకానికీ మధ్య నీళ్ళు పుక్కిలించాలి. పక్కింటి ఇక్బాల్ బేగం "ఏం ఇమ్తెహాన్ పెడ్తవమ్మా నువ్వు, బడి పరీక్ష లెక్క" అంటూనే ప్రతిసారీ వచ్చి కూర్చునేది.

వియత్నాం రకం నాటిన మూడో ఏడే కాసింది. తొన మందం, వాసన తక్కువ. ఎర్ర తొనల రకం కంటికి అందమే గాని తీపి ఆలస్యంగా తెలుస్తుంది. రెండూ ఇంటి పనస ముందు నిలవలేదు.

ఆ ఇంటి పనస ఇప్పుడు లేదు. బుచ్చవ్వ సిరిసిల్ల నుంచి ఈ అమీర్‌పేట గల్లీకి కాపురానికొచ్చిన కొత్తలో, ఎర్రగడ్డలో కొన్న పండు గింజను ఇంటి వెనక పాతింది. చిన్న తొనలు, పీచు లేదు, నమిలితే కరకరలాడేవి. పండితే వాసన గల్లీ మొగదలికి వచ్చేది. నలభై ఏళ్ళ ఆ చెట్టును మొన్న మాఘంలో ఆమె కొడుకు గిరిబాబు కొట్టించాడు, బండలు పరిచి కారు పెట్టుకోవడానికి. ఎవరినీ అడగలేదు. బుచ్చవ్వ "నీ ఇష్టం బిడ్డా" అని లోపలికి వెళ్ళిపోయింది. అంత చెట్టు పోతుంటే ఒక్క మాటైనా అనలేదేమని సుమశ్రీకి అత్తగారి మీద ఇప్పటికీ కోపమే.

రంపం రావడానికి ముందురోజు సుమశ్రీ ఆ చెట్టువి ఐదు చిన్న కొమ్మలు కోసి దాచింది. మేడ మీద సంచుల్లో గింజలు నాటి పెంచిన పనస మొక్కలుంటే, వాటి తలలు కత్తిరించి, కాండాన్ని చీల్చి, ఈ కొమ్మల్ని అందులో దించి అంటుకట్టింది. ప్లాస్టిక్ పట్టీలు చుట్టింది. డిగ్రీలో చదివిన బాటనీ ఇరవై ఏళ్ళ తర్వాత అక్కరకొచ్చింది. అయినా నాలుగు కొమ్మలు ఎండిపోయాయి, కింది మొక్కలు మాత్రమే మిగిలాయి. ఐదోది పట్టుకుంది, నాలుగు ఆకులు వేసింది. పట్టీ ఇంకా విప్పలేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇదీ పోతే ముసలామెకు ఆశపెట్టి ఏడిపించినట్టవుతుందని భయం.

"సుమా, పదకొండింటికి మనుషులొస్తున్రు," అన్నాడు గిరిబాబు గుండీలు పెట్టుకుంటూ వచ్చి. అతనికి మెయిన్ రోడ్డులో బ్లౌజు పీసుల షాపు. "మేడ మీద తోటల వీడియోలు తీసేటోళ్ళు. షాపుల గ్రూపుల మన పనస ఫోటో పెట్టిన గదా, మస్తు పేరొచ్చింది."

"నాకు ముందుగాల చెప్పొద్దా? ఏం మాట్లాడాల్నో రాసుకుంటుంటి."

"నువ్వెందుకు మాట్లాడుడు? కెమెరా ముందు నీకు నోరు పెగలదు. జర నాలుగు టీలు పెట్టు, చాలు."

సుమశ్రీ టీలు పెట్టింది. ట్రేతో మెట్లెక్కుతుంటేనే భర్త గొంతు వినిపించింది.

"నేను రోజూ ఐదింటికి లేస్తనండి. మొక్కలతోని మాట్లాడాలె. గీ వియత్నాం రకం ఉన్నదే, వాసన చూడండి, గుబాళిస్తది. ఎర్రది గంత మంచిగుండదు."

మైకు పట్టుకున్న అమ్మాయి తల ఊపుతోంది. పక్కన కెమెరా మనిషి. అన్నీ తప్పులే. సుమశ్రీ ట్రే పిట్టగోడ మీద పెట్టేలోపే గిరిబాబు కత్తెర తీసుకున్నాడు.

"మొక్కల పెంపకంల ముఖ్యమైంది ఏందంటే, రోగం వచ్చిన కొమ్మను ఉంచొద్దు. చూడండి, దీనికి కట్టు కట్టి ఉంది. కట్టు కట్టినంత మాత్రాన రోగం పోతదా? గిట్ల తీసెయ్యాలె."

"ఆగండి!"

కత్తెర ఆగలేదు. పట్టీతో సహా, నాలుగు ఆకులతో సహా, కొమ్మ తెగి నేల మీద పడింది.

సుమశ్రీ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "అది రోగం కాదు. అంటు. ఇంటి పనసది. అది ఒక్కటే మిగిలింది!"

"కెమెరా ముందట ఏందే? నాలుగు ఆకులకు గింత లొల్లా? నర్సరీల ఎన్ని కావాల్నంటే అన్ని దొరుకుతయి."

"దొరకవు. చెట్టును మీరే కొట్టించిన్రు, ఇగ ఏడ దొరుకుతది?" ఆమె గొంతు పక్క మేడల దాకా పోయింది. "ఐదింటికి లేస్తరా? చెప్పుండ్రి, ఆ డ్రమ్ముల మట్టి ఏం పాళ్ళల్ల కలిపిన? ఆ ఎర్ర పనసకు ఎన్నో ఏట పిందె పడ్డది?"

"ఎర్రమట్టి... ఎరువు..." అన్నాడు గిరిబాబు, డ్రమ్ముల వైపు చూస్తూ.

"మేడం, ఇవన్నీ పెంచింది మీరా?" అంది మైకు అమ్మాయి మెల్లగా.

"ఇద్దరం," అన్నాడు గిరిబాబు.

"ఇద్దరం కాదు. నేను. చెట్టు కొట్టేటప్పుడు అడగలేదు, కొమ్మ కోసేటప్పుడు అడగలేదు. ఈ ఇంట్ల నోరున్నోళ్ళు మీరొక్కరేనా?" ఆమె మైకు అమ్మాయి వైపు తిరిగింది. "ఈ వీడియో బయట పెట్టకు బిడ్డా, అందులో ఒక్కటీ నిజం లేదు."

మెట్ల మీద అలికిడైంది. గొడవ విని బుచ్చవ్వ మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కొచ్చింది, వెనకే మంజుశ్రీ. కోడలి చేతిలోని కొమ్మను చూసింది. "ఏ చెట్టుదన్నవ్ సుమా?"

"మీ చెట్టుదే అత్తమ్మా."

బుచ్చవ్వ ఒక ఆకును రెండు వేళ్ళతో పట్టుకుంది, పసిపిల్ల చెవిని పట్టుకున్నట్టు. తర్వాత కొడుకు వైపు చూసింది. "దిగు," అంది. "అందరు దిగుండ్రి. మంజూ, నువ్వుండి మీ అమ్మకు ఏం కావాల్నో అందియ్యి."

మిగతా అందరూ దిగిపోయారు. ఏడవడానికి సుమశ్రీకి టైం లేదు. కొమ్మ వాడకముందే పని జరగాలి. పట్టీకి పైనున్న లేత భాగాన్ని మాత్రం కోసుకుంది. ఆకుల్ని సగానికి కత్తిరించింది. మిగిలిన నాలుగు మొక్కల్లో కాండం సరిపోయేది వెతికి, తల తీసి, చీల్చి, కొమ్మ మొదలును పదునుగా చెక్కి అందులో దించింది. మంజుశ్రీ పట్టీ చుట్టి, పైన తడి ప్లాస్టిక్ కవరు తొడిగింది.

"బతుకుతదా మమ్మీ?"

"తెల్వదు. నెల రోజులు చూడాలె."

మధ్యాహ్నం భోజనాల దగ్గర సుమశ్రీ పప్పుచారు పోసింది. గిరిబాబు అన్నం కలుపుతూ, తలెత్తకుండానే, "ఆ పిల్లకు ఫోన్ చేసిన. వీడియో పెట్టొద్దన్న," అన్నాడు. ఇంకో ముద్ద కలిపి, "నాకు తెల్వక కోసిన," అన్నాడు.

"తెల్వకపోవుడు తప్పు గాదు," అంది బుచ్చవ్వ. "అడగకపోవుడు తప్పు. చెట్టు కొట్టేటప్పుడు సుత నువ్వు అడగలే."

"నువ్వు నీ ఇష్టం అంటివి గదమ్మా."

"రంపం వట్టుకొని నిలబడ్డోనికి ఏమని చెప్పాలె బిడ్డా? నేను వద్దంటే ఆపుతుంటివా? ఆ రాత్రి సుమ అన్నం తినలే, నేను తినలే. నీకు కానొచ్చిందా?"

సుమశ్రీ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ రోజు అత్తగారి గది తలుపు వేసి ఉంటే, హాయిగా పడుకుందనుకుంది. మూడు నెలలుగా ఆ కోపాన్నే మోసింది. ఒకే చెట్టు కోసం ఇద్దరూ గోడకు అటూ ఇటూ పస్తున్నారు.

గిరిబాబు కళ్ళు తడిగా ఉన్నాయి.

బుచ్చవ్వ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "ఈ ఇల్లు మీ నాయిన నా పేర రాసిండు. ఇన్నేండ్ల నుంచి నేనా మాట ఎత్తలే, ఇయ్యాల ఎత్తుతున్న. ఎల్లుండి నుంచి కారు బయట పెట్టుకో. ఎనక బండలు లేపుతున్న. ఆ జాగల మళ్ళ పనసే పెరుగుతది."

"సరేనమ్మా. బండలు నేనే దగ్గరుండి తీపిస్త."

"నువ్వు గాదు. సుమ నిలబడి తీపిస్తది. ఎంత లోతు తవ్వాల్నో, ఏ మట్టి పొయ్యాల్నో ఆమె చెప్తది. నువ్వు కారు తియ్యి, చాలు."

"అత్తమ్మా, ఆ కొమ్మ బతుకుతదో లేదో..." అంది సుమశ్రీ. పొద్దున్నుంచి ఆపుకున్న కన్నీళ్ళు జారిపోయాయి.

"బతికితే అదే పెడదాం. బతకకపోతే, నువ్వు ఏ రకం మంచిదంటే అది. కూసో, నువ్వు సుత తిను," అంటూ బుచ్చవ్వ తన పక్కన పీట జరిపింది.