ఎర్రనాలికమ్మ గంప

ఎనభై ఆరులో అద్దంకి పక్క ఊళ్లో పండిన మిరపకాయ ఎంత ఘాటంటే, కల్లం మీదుగా ఎగిరిన కాకి తుమ్మి తుమ్మి పొలిమేర అవతల పడింది. ఆ కల్లం సుబ్బరావమ్మది.

కాయ ఎండగానే మొదటి గంప ఊరి దేవత ఎర్రనాలికమ్మకు పెట్టాలి. పూర్వం నేలకు దిగిన సూర్యుణ్ణి ఆ తల్లి నోట్లో వేసుకుని నమిలిందట. ఆమె ఉమ్మిన గింజలే మిరపయ్యాయట. కాలిన ఆ నాలిక్కి ఇప్పుడు ఏ రుచీ తెలియదు, ఒక్క అబద్ధం తప్ప.

మిట్టమధ్యాహ్నం కల్లం అంచునున్న తల్లి రాయి ముందు సుబ్బరావమ్మ గంప దించింది. పైన కాయ నిగనిగలాడుతోంది. అడుగున మాత్రం తాలు, తెల్లబారి ఎవరూ కొనని కాయ. మంచిదంతా గుంటూరు యార్డుకే పంపాలని ఆమె ఆశ.

"అడుగు దాకా ఎరుపేనా, వదినా?" పూజ చేసే వెంకటరావమ్మ ఏటా అడిగేదే అడిగింది.

ఎరుపే అంటే సరిపోయేది. చుట్టూ ఊరి ఆడవాళ్లంతా ఉంటే సుబ్బరావమ్మ నోరు ఊరుకుంటుందా?

"నా మనవరాలి మీద ఒట్టు. గింజ కూడా ఎరుపే."

"గాజులు కూడా తొడిగావా వాటికి?" ఎవరో అన్నారు. అంతా నవ్వారు.

పొద్దుట్నుంచీ ఘాటుకు అందరికీ వస్తున్న దగ్గులు ఆ నవ్వులోనే ఆగిపోయాయి. కల్లం నిండా కాయ ఉంది. ఘాటు లేదు.

అందరూ పొంగలికి పాక వైపు వెళ్లారు. తాలు తీసేద్దామని సుబ్బరావమ్మ గంపలో చెయ్యి పెట్టింది. మోచేయి దాకా దిగింది... భుజం దాకా... గంప మూరెడు లోతే. లోపల తడిగా ఉంది. వెచ్చగా ఉంది. గరుగ్గా ఏదో ఆమె వేళ్లు నాకి, చేతిని చుట్టుకుంది.

"అడుగు దాకా... ఎరుపేనా?"

గంపలోంచే గుసగుస.

కాదు తల్లీ అంటే చాలు. ఒట్టేసింది ఆర్నెల్ల పసిదాని మీద. నోరు తెరిచింది...

"అమ్మవారి గంపలో చెయ్యేంటి వదినా?"

వెనక వెంకటరావమ్మ. ఆమె వెనక అందరూ.

సుబ్బరావమ్మ మొహం భగ్గుమంది. తల పైకెత్తలేకపోయింది.

"ఎరుపే," అంది, గంపలోకి వంగి.

చుట్టుకున్నది ఆమె చెయ్యి వదిలింది.

ఇంటికి పరుగెత్తింది. కోడలు ఉయ్యాల దగ్గర నిలబడి ఉంది.

"అత్తయ్యా, పిల్ల ఏడుస్తోంది. గొంతు రావట్లేదు."

పసిదాని నోరు తెరుచుకునే ఉంది. నాలిక తెల్లగా పాలిపోయింది. కోడలి మొహం చూడలేక సుబ్బరావమ్మ వాకిలి వైపు తిరిగింది.

కల్లం వైపు నుంచి చంటిపిల్ల ఏడుపు వినపడుతోంది. మనవరాలికి ఆకలేసినప్పటి ఏడుపే.

ఎవరో దాన్ని జోకొడుతున్నారు.