పనసచెట్టుకు చేపల వల

నాకు అన్నిటికంటే భయం ఒక్కటే: మా ఆడపడుచు షైని నోటి దూకుడుకి ఒక మంచి మనిషి మళ్ళీ మా గుమ్మం తొక్కకుండా పోతాడేమోనని.

మాది కంచిలి దగ్గర పల్లె. ఏడేళ్ళకు మా పెరటి పనస మొదటిసారి మూడు కాయలు కాసింది. తొలి కాయ చర్చిలో ఇచ్చాకే ఇంట్లో కోస్తాం. అప్పటికే రెండు పోయాయి. ముందునుంచి చూస్తే నిండుగానే ఉన్నాయి, వెనక డొల్ల. కోతి పనా? ఎలుగుదా? నేనైతే చంటిదాన్ని పెరట్లో దింపడం మానేశాను. షైని మాత్రం పీట వేసుకుని మూడో కాయనే చూస్తూ కూర్చుంది.

పక్కింటి భాగ్యమ్మత్త మేనల్లుడు జెర్రీ సముద్రపొడ్డున భావనపాడులో చేపల వలలు బాగుచేస్తాడు. చుట్టపుచూపుగా వచ్చి, దడి మీంచి తొంగిచూశాడు.

"ఏటండీ, కాయని అద్దంనాగ సూత్తన్నారు?"

"దొంగ మొకం కనబడతాదేమోనని. మీదే కనబడింది."

అతను నవ్వి, ఒక పాత వల తెచ్చి కాయ చుట్టూ బిగించి కట్టాడు.

"దీన్లో పడ్డది ఏదీ తప్పించుకోదండి."

"పనసకాయ ఈత కొట్టదండి బాబూ!"

ఆ రోజంతా దడికి అటూ ఇటూ ఏవేవో కబుర్లు. నేను వింటూనే ఉన్నాను, విననట్టు.

తెల్లారి చూస్తే తొక్కే మిగిలింది. చెట్లెక్కే మానుపిల్లి ఒకటి పొట్ట పగిలేలా తిని, ఆ వలలోనే చిక్కుకుని హాయిగా నిద్రపోతోంది! షైని, జెర్రీ చెరోవైపు పట్టి ముళ్ళు విప్పారు. వేళ్ళు తగిలాయి. పిల్లి పారిపోయినా ఎవరూ చెయ్యి తీయలేదు. అప్పుడు షైని ముక్కు ఎగబీల్చింది.

"ఈ వల కడగనేదేటి?"

"మంచి సేపల యేట పడ్డ వలని కడిగితే అదృష్టం పోతాదని మా తాత అనీవోడు..."

"అందుకని కవళ్ళ చేపల కంపుతో పిల్లిని పేరంటానికి పిలిసీసినారా? దేవుడికిచ్చే కాయండీ అది! మరి మా దడికాడికి రాకండి!"

జెర్రీ తల దించుకుని వల మడిచాడు. ఆ సాయంత్రమే బస్సెక్కేశాడట.

ఆదివారం చర్చికి ఉత్త చేతులతో వెళ్ళాం. పాస్టరు అంద్రెయగారు అంతా విని, "మానుపిల్లి కూడా ఆయన సృష్టే గదమ్మా," అని నవ్వేశారు. షైని నవ్వలేదు.

పదిరోజులకి నా దగ్గరికొచ్చింది.

"వదినా, మరింక రారేటి?"

"ఎవులే?"

"అదే... వల."

"వల కావాలేటి, మనిషి కావాలేటి?"

"మనిషొత్తే వల కూడా వత్తాది గదా," అని పాపని ఎత్తుకుని దాని బుగ్గలో మొహం దాచుకుంది.

మా ఆయన చెవిన వేశాను. "దానికిట్టమైతే నాదేటుంది?" అన్నారు. భాగ్యమ్మత్త సంబరపడిపోయింది. కానీ జెర్రీ వాళ్ళ ఊరి ఎస్టీడీ బూతు వారంగా పలకడం లేదు. అతనేమో సిగ్గుతో ఇటు రాడు.

మీలో ఎవరైనా భావనపాడు వైపు వెళ్తే, వలలు ఆరేసే చోట జెర్రీ ఎలా ఉన్నాడో ఒక్కసారి చూడండి. కాయ గురించి ఎవరికీ కోపం లేదని చెప్పండి. మిగతాది మాత్రం చెప్పకండి. అది తనే చెబుతానంటోంది షైని.