నాయుడు ఏమడిగాడు

ఆ ఉదయం నీలవేణి దిద్దుతున్నది నలభై మూడో సైనికుడి ఆత్మకథ. ఇప్పటిదాకా ఒక్కటీ ఆమెను కదిలించలేదు. కమాండోలు మంచులో దిగుతారు, డ్రోన్లు కూలతాయి, జెండా లేస్తుంది. పేర్లు తీసేస్తే ఏ పుస్తకం ఎవరిదో పోల్చుకోలేం. స్మృతిలేఖిని అనే తలపట్టీ వచ్చాక సైనికులెవరూ కలం పట్టడం లేదు. పదవీ విరమణ రోజున ఆ పట్టీ తలకు చుట్టుకుని కూర్చుంటే చాలు. అది జ్ఞాపకాలను చదివి, భయాన్నీ తడబాటునూ 'మసక' కింద తీసేసి, పుస్తకం అల్లి ఇస్తుంది. విశాఖలోని ఆ ముద్రణాలయంలో అచ్చుతప్పులు చూసే పని మాత్రం ఇంకా మనుషులకు మిగిలింది.

అయితే ఈ పుస్తకం కోసం ఆమె ఆరేళ్లు ఎదురుచూసింది. ఇది సుబేదారు పైడిరాజుది. కొండ కనుమలో జరిగిన పోరులో ఆమె భర్త తవిటినాయుడు ప్రాణం వదిలింది ఆయన ఒడిలోనే. అప్పట్లో అడిగితే ఆయన బావురుమన్నాడు. "నోటితో నా వల్ల కాదు సెల్లమ్మా, పుస్తకంలో సెప్తాను" అన్నాడు.

ఆ ఘట్టం నాలుగు వాక్యాల్లో అయిపోయింది. 'పెదవులపై చిరునవ్వుతో నాయుడు కన్నుమూశాడు.' అదే వాక్యాన్ని ఇంతకుముందు పదకొండు పుస్తకాల్లో, పదకొండు చావుల దగ్గర ఆమె దిద్దింది.

సెలవు పెట్టి పార్వతీపురం బస్సెక్కింది.

పైడిరాజు అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. మనిషి నిమ్మళంగా ఉన్నాడు.

"అన్నయ్యా, పుస్తకం కాదు, మీరు చెప్పండి. ఆయన ఎలా పోయారు?"

"పెదవులపై చిరునవ్వుతో నాయుడు కన్నుమూశాడు" అన్నాడాయన, పాఠం అప్పజెప్పినట్టు.

"తేలు కుడితే వీధంతా వినబడేలా అరిచిన మనిషి అన్నయ్యా. గుండు తగిలితే నవ్వాడా?"

పైడిరాజు కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు వెతుక్కున్నాడు.

"ఇంకేటీ గుర్తుకి రాట్నేదమ్మా. రాసిందంతా నిజమేనని నాను ఒప్పుకోడానికి, ఆడు నవ్వతన్న బొమ్మ ఆ పట్టీలో ఏడుసార్లు సూపించారు. అప్పట్నుంచీ అదే కనబడతాది."

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య గౌరమ్మ మెల్లగా అంది. "ముందైతే కంచం కాడ కూకుని ఏడిసేవోరు. 'నాయుడు అడిగినాడే, నానియ్యనేదే' అని. ఏటడిగినాడో నాకెప్పుడూ సెప్పనేదు. ఆ పట్టీ ఎట్టుకొచ్చినాక ఏడుపు మానేసినారు. బాగుపడ్డారనుకున్నాను."

పైడిరాజు భార్య వంక వెర్రిగా చూశాడు. "నానా? అలగన్నానా?"

ఆ చివరి కోరిక ఇక ఈ లోకంలో ఎవరి దగ్గరా లేదని నీలవేణికి అర్థమైంది. కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి ఆ మాట ఎప్పుడన్నానా అని ఇంకా వెతుక్కుంటున్నాడు.

"సెల్లమ్మా" అన్నాడు పైడిరాజు. "ఆడి కోసం ఏడుద్దామన్నా రాట్నేదు. ఆడెలాంటోడో నువ్వైనా సెప్పు."

వినడానికి వచ్చిన నీలవేణి కళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. నాయుడికి కోపమొస్తే చెవులు ఎర్రబడేవని, పాటలన్నీ తప్పుగా పాడేవాడని, సెలవు అయిపోయే రోజున అన్నం సహించేది కాదని. పైడిరాజు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కొత్త మనిషి గురించి వింటున్నట్టు వింటున్నాడు.

"ఊఁ... ఇంకా సెప్పమ్మా" అన్నాడు.