కాలవ అవతలి పొగ

వెంకటదుర్గ కూతురికి రెండు జడలు వేసి, ఇన్‌హేలర్ పీల్పించి, బ్యాగు తగిలించి బడికి పంపింది. ఉమాశ్రీకి ఏడేళ్లు, పుట్టు ఆయాసం. కోతలయ్యి ఊరంతా గడ్డి తగలబెట్టే రోజులొస్తే ఆ పిల్లకి ఊపిరాడదు, తల్లికి కంటిమీద కునుకుండదు.

మామగారు దొరబాబు వాకిట్లో గుప్పెడు పొట్టు ఎగరేసి గాలివాటం చూస్తున్నారు.

“తగలబెట్టొద్దని కాళ్లావేళ్లా పడ్డాను కదండీ, మావయ్యగారూ!”

“మిషను కోసిన గడ్డి పశువు ముట్టదమ్మా, కూలోడు ఎత్తడు. రెండో పంట దాళ్వాకి చేను దమ్ము చెయ్యొద్దా ఏంటి? పిల్ల ఇంట్లో లేనప్పుడే అంటిస్తున్నాను. గాలి కూడా కాలవ అవతలకే ఉంది. ఇంట్లోకి పొగ వస్తే నన్నడుగు.”

అన్నమాట నిలబెట్టుకున్నారు పెద్దాయన. ఇంట్లోకి పిసరంత పొగ రాలేదు. దుర్గ గండం గడిచిందనుకుని ఎసరు పెట్టింది. అంతలో టీచరు పావని ఫోను.

“ఉమ ఊపిరి తీసుకోలేకపోతోందండీ! కిటికీలు మూసినా పొగ కమ్మేసింది, తొందరగా రండి!”

కాలవ అవతల ఉన్నది బడే. ఇల్లు ఇల్లు అనుకున్నారే గానీ, ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పాలకొల్లు వెళ్లే ఆటోలో పిల్ల పెదాలు నల్లబడ్డాయి. “పీల్చు నా తల్లీ, ఇంకొక్కసారి పీల్చు” అంటూ దుర్గ దారంతా ఏడుస్తూనే ఉంది. ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టారు. బక్క ఛాతీ ఎగసిపడుతుంటే చూడలేక ఆమె మొక్కని దేవుడు లేడు.

మధ్యాహ్నానికి దొరబాబు గుమ్మంలో కనబడ్డారు. దుర్గ అపర కాళికలా లేచింది.

“చూడండి! మీ దాళ్వా బాగా పండాలని నా కూతురు ఎలా కొట్టుకుంటోందో చూడండి!”

“గాలి చూసుకున్నానమ్మా. పిల్ల ఎక్కడ కూచుందో చూసుకోలేదు” అన్నారాయన.

సాయంత్రానికి ఉమ ఊపిరి కుదుటపడింది. కళ్లు తెరిచి, “తాతేడే?” అంది.

దుర్గ వరండాలోకి వచ్చింది. ఆయన గోడవారగా నిలబడే ఉన్నారు.

“నేను లోపలికి రానమ్మా. ఒళ్లంతా పొగ కంపు. మళ్లీ దానికేమన్నా అయితే...”

అప్పుడు చూసిందామె. ఉమ సంగతి తెలిశాక తడి గోనెసంచులతో మంట ఆర్పిన ఆ అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పొద్దుటి నుంచీ రగులుతున్న కోపం కన్నీళ్లై కారిపోయింది.

“రండి మావయ్యగారూ, స్నానం చేద్దురుగాని. మీ అబ్బాయి ఉతికిన చొక్కా తెస్తున్నారు.”

ఆసుపత్రి వెనక కుళాయి దగ్గర ఆయన చేతులు మగ్గు పట్టుకోలేకపోయాయి. దుర్గే నీళ్లు ముంచి ఆయన తల మీద పోసింది. పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, మసి పోయేదాకా పోస్తూనే ఉంది.