పచ్చది ఉంచడానికి, ఎర్రది తీసెయ్యడానికి

చిన్న కథే ఇది. బస్తా దింపి చెమట తుడుచుకునేలోపు అయిపోతుంది. కమ్లి మొగుడు బిచ్యా ఎండాకాలంలో మాయమయ్యాడు, వానాకాలంలో దొరికాడు. అంతే.

కానీ అంతకుముందు మతీన్ సేటు స్వెటర్ సంగతి చెప్పుకోవాలి. ఏన్కూరు దాటాక, భద్రాచలం బస్సు అడవిలోకి మళ్ళే చోట సేటుకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. ధర పెరిగేదాకా రైతుల మిర్చి అందులో చలికి వణుకుతూ కూర్చుంటుంది. బయట మాడు పగిలే ఎండ ఉన్నా సేటు స్వెటర్ విప్పడు. ఛాంబర్లలోకి పోయే మనిషిని కదా అంటాడు. ఆయన ఛాంబర్లోకి పోగా చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. పాత స్వెటర్ మోచేతి దగ్గర చిరిగితే, వానలు పడ్డాక ఖమ్మంలో కొత్తది కొన్నాడు, నెమలిపింఛం రంగుది. కొన్న రోజు హమాలీలందరినీ పిలిచి చూపించాడు. చాయ్ మాత్రం పోయించలేదు.

తిరుపతి గురించి కూడా ఒక ముక్క. ఆఫీసు గదిలో కంప్యూటర్లు చూసే మనిషి. చూడడమంటే, వాటి ముందు నిద్రపోవడం. ఆయన గురక విని కరెంటు పోయిందేమో, జనరేటర్ వేశారేమో అనుకునేవాళ్ళు. వానలు మొదలవుతూనే హైదరాబాదులో ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలోకి సత్తుపల్లి వైపు నుంచి కళ్యాణి అనే అమ్మాయి వచ్చిందట. ఏన్కూరులో కిరాయి గది, కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులు. సిమెంటు నేల మీద టక్కు టక్కుమని నడుస్తుంటే, యార్డులో రంగు పోయిన తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు చేతులు ఆపి మరీ చూసేవాళ్ళట.

ఇక ఛాంబర్. అదొక కిటికీ లేని పెద్ద గది. పట్టపగలు కూడా లోపల రాత్రే. మందపాటి తలుపు పడిందంటే లోపలి కేక బయటికి రాదు. మిర్చి ఘాటు, తడి గోనె వాసన, ఏ పైపులోంచో ముక్కును గిచ్చే అమ్మోనియా. మిర్చి లక్ష్మి కాబట్టి అందరూ చెప్పులు తలుపు బయటే విడుస్తారు. సాయంత్రం మేస్త్రి లచ్చిరాం గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తాడు. పిలిచినవాళ్ళు ‘ఉన్నా’ అనాలి. అందరూ పలికితే అందరూ బయటికి వచ్చినట్టే. తలుపు వేసేస్తాడు. లోపలికి తొంగి చూడడు. కళ్ళద్దాలకు ఆవిరి పడుతుందట, తుడుచుకోవడం పెద్ద పనట.

ఎండాకాలంలో ఒక సాయంత్రం రెండో ఛాంబరు గుమ్మంలో లచ్చిరాం “బిచ్యా” అని పిలిస్తే ‘ఉన్నా’ అన్నది రూప్లా. బిచ్యాకు దోస్తు. ఎవరి గొంతయినా అచ్చంగా దించేస్తాడని పేరు. బిచ్యా చెట్ల దిక్కు పోయుంటాడనుకుని, వాడి గొంతుతోనే వాడి బదులు పలికాడు. అందరూ నవ్వారు. తలుపు పడింది. మర్నాడు తెరిస్తే లోపల బస్తాలే. మనిషి లేడు. శవమూ లేదు. తలుపు బయట బిచ్యా చెప్పులు మాత్రం ఉన్నాయి.

మన తండా ఊరుకుంటుందా? భద్రాచలం దిక్కు పోయిండు అంది. ఎవరితో అంటే పేరు కూడా పెట్టింది. చెప్పుల్లేకుండా పోయేంత తొందరేందని ఎవరూ అడగలేదు. అడిగితే ముచ్చట చెడిపోతుంది కదా.

కమ్లి ఏడవలేదు. తండాకు అదే నచ్చలేదు. ఆమె రోజూ వచ్చి తాలు ఏరేది, సాయంత్రం ఛాంబరు ఊడ్చేది, ఇంటికి పోయి ఇద్దరికి వండేది, ఒక్కతే తినేది. మిగిలింది పొద్దున కోళ్ళకు వేసేది. కోళ్ళు మాత్రం బలిశాయి. “ఇడిసిపెట్టి పోయిండా, పోలేదా? గదొక్కటి తెలిస్తే చాలు,” అనేది అప్పుడప్పుడు, ఎవరో అడిగినట్టు.

వానాకాలంలో పిడుగు పడి ఆఫీసులో ఒక కంప్యూటర్ కాలిపోయింది. సేటు భయపడి, కాపీలు తీసే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వేయించాడు. మధ్యాహ్నం బువ్వ తింటూ కళ్యాణి దాని గురించి చెప్పింది.

“ఈ ఒక్క పెట్టెలోనే మూడు కంప్యూటర్లున్నాయక్కా. వర్చువల్ మెషీన్లంటారు. పనంతా చేస్తాయి, కానీ చేత్తో తాకలేం.”

“దయ్యాల లెక్కనా?”

“అలాగే అనుకో. ఒకటి గేటు దగ్గర, ఛాంబర్లలో ఉన్న కెమెరాలది. దాన్ని ఉన్నదున్నట్టు రోజూ కాపీ తీసి పక్కన పెడతాం. ఏదన్నా చెడిపోతే ఆ కాపీ నుంచి మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఇదివరకు తేవాలంటే పొద్దంతా పట్టేది. ఇప్పుడు కాపీని పెట్టిన చోటే లేపొచ్చు. చాయ్ మరిగేలోపు లేచి కూర్చుంటుంది.”

కమ్లి ముద్ద కలపడం ఆపింది.

“మా ఆయన పోయిన దినంది ఉన్నదా?”

“ఉండాలి. తిరుపతి గారు పాతవేవీ తీసెయ్యలేదు. తీసెయ్యాలంటే మెలకువగా ఉండాలి కదా.”

“సూపియ్యి మేడం. గేటు దాటి పోయిండో లేదో సూస్త. పోతే పోయిండు. ఒక్కపాలి సూస్త.”

ఆ సాయంత్రం సేటు ఖమ్మం పోయాడు. హమాలీలు బస్సెక్కారు. రేకుల మీద వాన. అడవి దిక్కు నుంచి కుళ్ళిన ఆకుల వాసన. ఆఫీసులో ఇద్దరే ఉన్నారు.

కళ్యాణి కాపీని లేపింది. “దీన్ని మూసేసిన గదిలో లేపినట్టు లెక్క. బయటి వైరు ఒక్కటీ దీనికి తగలదు. తను కాపీనని దీనికి తెలియదు. ఇంకా ఆ సాయంత్రంలోనే ఉన్నాననుకుంటుంది.”

తెర కింద రెండు బొత్తాలున్నాయి.

“ఎర్రది నొక్కితే చూసిన కాపీని తీసేస్తుంది. పచ్చది నొక్కితే ఈ కాపీనే అసలుగా ఉంచేస్తుంది. పచ్చది మాత్రం తాకకు. ఆ రోజు తర్వాత వచ్చి చేరినవన్నీ పోతాయి.”

“అన్నీనా?”

“అన్నీ.”

తెర తొమ్మిది గళ్ళుగా విడిపోయింది. ఎనిమిది గళ్ళు నల్లగా ఉన్నాయి.

“నల్లగానే ఉండాలి. దీనికి కెమెరాలు లేవు కదా. ఇప్పుడు ఆ రోజు వీడియో...”

కళ్యాణి తెర దగ్గరికి వంగింది.

తొమ్మిదో గడి నల్లగా లేదు.

రెండో ఛాంబరు. పసుపు బల్బు. పైదాకా బస్తాలు. వాటి సందులో ఒక మనిషి... గోనెసంచి తల మీద కప్పుకుని... ఎడమ చెయ్యి చంకలో దాచుకుని. నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఆగుతోంది. మళ్ళీ వస్తోంది.

“గా దినం వీడియోనా?” అంది కమ్లి.

“కాదక్కా... నేనింకా వీడియో తెరవలేదు.”

తెర మూలన గడియారం ఆ ఎండాకాలపు సాయంత్రాన్నే చూపిస్తోంది. ఆగి లేదు. నడుస్తోంది.

నెలల నుంచి కమ్లి ఒళ్ళు ఊడ్చిన ఛాంబరులాగే ఉంది. చల్లగా, ఖాళీగా. పోలేదు, అనుకుంది. అంతే అనుకుంది.

“తలుపు తీసి చూస్తా. నువ్వు ఇక్కడే ఉండి దీన్ని చూస్తుండు,” అని కళ్యాణి తాళాలు తీసుకుంది. వసారాలో టక్కు టక్కు. దూరంగా టక్కు టక్కు. తర్వాత ఆగింది. చెప్పులు విడిచినట్టుంది. గడియ లాగిన చప్పుడు.

గడిలో తలుపు తెరుచుకుంది. నేల మీద వెలుతురు పడింది. గుమ్మంలో మాత్రం ఎవరూ లేరు.

“లోపల ఎవరూ లేరక్కా!” వసారా చివర నుంచి కళ్యాణి.

గడిలో బిచ్యా తల తిప్పాడు. విన్నాడు...

“ఆడనే ఉన్నడు మేడం. నీ దిక్కే సూస్తున్నడు.”

తర్వాత కళ్యాణి గొంతు. సన్నగా. మేస్త్రి పిలిచినట్టు.

“బిచ్యా...”

“ఉన్నా.”

అది తెరలోంచి రాలేదు. వసారాలోంచి వచ్చింది. రూప్లా గొంతు దించడం వేరు, అసలు గొంతు వేరు. కమ్లికి ఆ తేడా తెలుసు.

“అక్కా... ఎవరో పలికారు. బస్తాల వెనక... నేను లోపలికి పోయి...”

గడిలో బిచ్యా లేచాడు. తలుపు దాకా నడిచాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అక్కడ అద్దమేదో అడ్డున్నట్టు, గాలిలో రెండు అరచేతులూ ఆనించాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. చప్పుడు లేదు.

తెర కింద ఎర్రది వెలుగుతోంది. పచ్చది వెలుగుతోంది.

అప్పుడు ఏమీ ఆలోచించలేదని చెప్పింది కమ్లి. ఏడో తరగతి దాకా చదివి, పావుకిలో వంకాయలకు బండివాడితో అడవి మలుపు దాకా బేరమాడే మనిషి, ఆలోచించకుండా ఏదీ చెయ్యదు.

పచ్చది నొక్కింది.

దీపాలు ఆరలేదు. పిడుగు పడలేదు. దూరంగా ఛాంబరు తలుపు దానంతట అదే పడింది. ఆ తర్వాత అడుగులు. టక్కు టక్కు కాదు. ఉత్తకాళ్ళు. తడి నేల మీద... మెల్లగా... దగ్గరగా...

బిచ్యా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గోనె మీద మంచు. పెదాలు నల్లగా.

“మేస్త్రి నా పేరు పిలిచిండా?”

“పిలిచిండు.”

“రూప్లా గాడు పలికిండు. ఇన్న. లోపట్నుంచి ఒర్లుతనే ఉన్న.”

“పా. బస్సొస్తది.”

పోతూ కమ్లి వసారా చివరికి చూడలేదు.

మర్నాడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. బిచ్యా దొరికిండని కమ్లి చెబితే, ఎటు పోయిండని, ఎప్పుడు పోయిండని తిరిగి ఆమెనే అడిగారు. ఆఫీసు కుర్చీలో తిరుపతి గురక పెడుతున్నాడు. హైదరాబాదు పోలేదా సారూ అంటే, “నన్నెవడు పిలిచిండే హైదరాబాదుకు?” అన్నాడు. అది నిజమే అనిపిస్తుంది ఎవరికైనా. సేటు ఒంటి మీద మోచేతి దగ్గర చిరిగిన పాత స్వెటరే ఉంది. కొత్తదేది సేటూ అంటే, “నువ్విస్తవా? జల్దీ పనిలకు పో,” అన్నాడు.

కళ్యాణి ఎవరన్నారు. ఏన్కూరులో ఆ కిరాయి గదిలో యూరియా బస్తాలున్నాయి. ఎవరింట్లో ఏ కూర మాడిందో వాసన చూసి చెప్పే తండా ఇది. అలాంటి మనకు కూడా ఆ పిల్ల గుర్తు లేదు. బిచ్యా పోవడమూ గుర్తు లేదు. నెమలిపింఛం స్వెటర్‌తో సహా ఇప్పటిదాకా చెప్పిందంతా కమ్లి చెప్పిందే. తాలు ఏరుతూ, తల ఎత్తకుండా, ధరలు చెప్పినట్టు చెప్పింది. అందరూ విని నవ్వారు. బిచ్యా కూడా నవ్వాడు. కాకపోతే ఆయన ఎండలో నవ్వినా నోట్లోంచి ఆవిరి వస్తుంది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తిరుపతి పొరపాటున మెలకువగా ఉన్నాడు. ఎవరూ లేపకుండానే ఒక కాపీ లేచి ఉందని చూశాడు. గది ఊడుస్తున్న కమ్లిని పిలిచాడు.

“కమ్లమ్మా, గిటు రా. ఈ పిల్ల ఎవరో ఎరుకనా?”

ఎనిమిది గళ్ళు నల్లగా ఉన్నాయి. తొమ్మిదో దాంట్లో రెండో ఛాంబరు. బస్తాల సందులో ఒకమ్మాయి, చున్నీ తల మీద కప్పుకుని, ముడుచుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి.

“ఎరుక లేదు సారు.”

“లచ్చిరాంతోటి తలుపు తీపిచ్చి సూపిచ్చిన. పురుగు లేదు లోపట. కెమెరా ఖరాబైనట్టుంది. ఉంచాల్నా తీసెయ్యాల్నా అని అడుగుతుంది ఇది. ఏం జేద్దాం?”

కమ్లి చీపురు గోడకు ఆనించింది. గడిలో అమ్మాయి తల ఎత్తి సూటిగా చూసింది.

“ఎర్రది ఒత్తు సారు.”

తిరుపతి ఒత్తాడు. తొమ్మిదో గడి కూడా నల్లబడింది. ఆయన మళ్ళీ నిద్రపోయాడు. కమ్లి చీపురు తీసుకుని రెండో ఛాంబరు ఊడ్వడానికి పోయింది.

సాయంత్రం లచ్చిరాం పేర్లు పిలిచాడు. బిచ్యా ఉన్నా అన్నాడు. రూప్లా ఉన్నా అన్నాడు. హమాలీలయ్యాక ఊడ్చే ఆడవాళ్ళ వంతు.

“కమ్లి.”

“ఉన్నా.”

కమ్లి గొంతే. మనుషుల వెనక నుంచి, ఎక్కడో ఆఫీసు దిక్కు వసారా చివర నుంచి వచ్చింది. రూప్లా మళ్ళీ మొదలుపెట్టిండని అందరూ నవ్వారు. రూప్లా నవ్వలేదు. లచ్చిరాం తలుపు వేశాడు.

మర్నాడు తెరిస్తే లోపల బస్తాలే. బస్తాల సందులో ఒక చీపురు. తండా ఊరుకోలేదు. భద్రాచలం దిక్కు పోయింది అంది. ఎవరితో అంటే పేరు కూడా పెట్టింది. బిచ్యా ఏడవలేదు. ఇద్దరికి వండుతున్నాడు.

కమ్లి చెప్పులు తలుపు బయట ఉన్నాయి. వాటి పక్కన ఇంకో జత ఉంది. ఎత్తు మడమలవి. ఇక్కడ ఎవరూ వేసుకోరు. ఎవరివని అడిగితే ఎవరూ చెప్పలేదు. లచ్చిరాం రెండు జతలనూ కాలితో పక్కకు జరిపి, సాయంత్రం పేర్లు పిలిచి, తలుపు వేశాడు.