ఫోటో బయట చుక్క

కర్సర్ మళ్లీ మాయమైంది. హైమావతి మౌస్‌ని అటూ ఇటూ తిప్పి, బల్లకేసి రెండుసార్లు తట్టింది. తెర మీద అత్తగారి ఫోటో ఉంది, పక్కన బ్రష్షుల వరుస ఉంది, కర్సర్ మాత్రం లేదు.

తెనాలి మార్కెట్ వీధిలో కింద స్టూడియో, మేడ మీద కాపురం. పోయినవాళ్ల ఫోటోలు బాగుచేయడంలో హైమది అందె వేసిన చెయ్యి. పెళ్లి గ్రూపులోంచి మనిషిని విడదీసి, చెదిరిన జుట్టు సర్ది, వెలిసిన బొట్టు దిద్ది, పెద్దకర్మ నాటికి దండ వేయడానికి తయారుగా ఇచ్చేది. ఊరందరి పెద్దల్నీ తీర్చిదిద్దిన మనిషికి సొంత అత్తగారు లొంగడం లేదు. పెద్దకర్మ రేపే.

ఆ కాలపు ఫోటోల సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. డాక్టర్ నీలాంబరం అనే శాస్త్రవేత్త కనిపెట్టిన సెన్సర్ అప్పటికి ప్రతి ఫోనులోనూ చేరింది. మనం ఫోటో తీస్తుంటే అది మన కంటిపాపల్ని చూస్తుంది. బటన్ నొక్కిన దగ్గర్నుంచి మూడు సెకన్లపాటు మన చూపు ఎక్కడ తిరిగిందో ఫోటోతోపాటు దాచిపెడుతుంది. ఆ ఫోటోని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కర్సర్ తిన్నగా వెళ్లి ఆ చూపు ఉన్నచోట కూర్చుంటుంది; చూపు కదిలితే ఆ మూడు సెకన్లూ అదీ కదులుతుంది. అక్కణ్ణుంచి పట్టుకుని లాగితేనే చేతికొస్తుంది. తీసినవాళ్ల మనసు ఎక్కడుందో మెరుగు అక్కడ మొదలుపెట్టాలని ఆయన ఉద్దేశం.

జనం అంతటితో ఊరుకుంటారా? గోడకు తగిలించే ఎలక్ట్రానిక్ ఫ్రేముల్లో ఆ చోట చిన్న పసుప్పచ్చని చుక్క వెలిగేలా చేయించుకున్నారు. పెద్దకర్మకు వచ్చిన చుట్టాలు ముందు చుక్క చూసి, ఆ తర్వాత దణ్ణం పెట్టేవారు. చుక్క మొహం మీద ఉంటే "ఎంత ప్రేమగా చూసుకున్నారో" అనేవారు. మెడలో గొలుసు మీద ఉంటే, ఆ మాట పైకి అనకుండా వంటింట్లో చెప్పుకునేవారు. గొలుసుల మీది చుక్కల్ని హైమ ఎన్నో మొహాల మీదకు జరిపి, ఎన్నో ఇళ్ల పరువు నిలబెట్టింది.

ఇప్పుడు తన పరువే మిగిలింది. రేపల్లె నుంచి ఆడపడుచు కనకదుర్గ వస్తుంది. వచ్చీ రాగానే చుక్క చూస్తుంది.

క్యాప్స్ లాక్ పడి ఉందేమో చూసింది. బ్రష్ సైజు ఒక్క పిక్సెల్‌కు తగ్గిపోయిందేమోనని పెంచింది. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేసింది. సిస్టం ఆపి మళ్లీ పెట్టింది. వేరేవాళ్ల ఫోటోలు తెరిస్తే కర్సర్ బుద్ధిగా వచ్చి నిలబడుతోంది. అత్తగారు రత్తమ్మగారి ఫోటో దగ్గరే మొండికేస్తోంది.

కంపెనీకి ఫోన్ చేస్తే ముగ్గురి చేతులు మారి, ఆఖరికి నీలాంబరంగారే లైన్లోకి వచ్చారు.

"కర్సర్ కనబడ్డంలేదు సార్. చెయ్యాల్సినవన్నీ చేశాను."

"కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరమ్మా. కాన్వాస్ పెంచండి. ఫోటో చుట్టూ ఖాళీ వచ్చేట్టుగా."

"ఖాళీలో ఏముంటుంది సార్?"

"తీసినవాళ్లు ఫోటోలో మనిషిని చూడకపోతే, కర్సర్ బయటే ఉండిపోతుంది. దాన్ని అక్కడ పట్టుకోండి."

పెంచింది. రత్తమ్మగారి చుట్టూ తెల్లటి ఖాళీ పరుచుకుంది. కుడివైపు పైన, ఫోటోకు చాలా దూరంలో, కర్సర్ ఒంటరిగా మినుకుమంటోంది. హైమ తలెత్తింది. సరిగ్గా అటువైపే గోడ గడియారం ఉంది.

ఆ కంప్యూటర్ ఉన్నది రత్తమ్మగారి మంచం ఉన్నచోటే. మైల రోజులు కాబట్టి స్టూడియో తెరవలేదు. మంచం తీసేశాక ఆ జాగాలో బల్ల వేసి, కంప్యూటర్ మేడ మీదకు తెచ్చుకుంది. పక్షవాతం వచ్చి రెండేళ్లు ఆవిడ అక్కడే ఉంది. మాట పడిపోయింది. ఏది కావాలన్నా చూపుతోనే అడిగేది. "రోజుకో ఫోటో పంపు హైమా, అమ్మని చూసినట్టుంటుంది" అని కనకదుర్గ పెట్టిన ఏర్పాటు ప్రకారం, స్టూడియోకి దిగబోతూ ప్రతిరోజూ ఒకటి తీసి పంపేది.

అవన్నీ ఒక్కొక్కటే తెరిచింది. అన్నిట్లోనూ కర్సర్ గడియారం దగ్గరే ఉంది.

హైమకు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. రెండేళ్లు ఒళ్లు తుడిచింది, అన్నం మెత్తగా కలిపి పెట్టింది, పక్కబట్టలు ఉతికింది. ఇంతా చేసి చూసింది గడియారాన్ని. పని చేసే మనిషికి చూడ్డానికి తీరికెక్కడిది అని తనకు తానే చెప్పుకుంది. ఆ మాట తనకే సరిగ్గా తోచలేదు.

కర్సర్ ఇప్పుడు చేతిలో ఉంది. నాలుగంగుళాలు లాగితే అత్తగారి మొహం మీదుంటుంది. ఊరందరికీ చేసిన పనే. తనకు మాత్రం చెయ్యి రాలేదు.

అదే ఫోల్డర్లో రత్తమ్మగారి ఫోను ఫోటోలూ ఉన్నాయి. రింగిచ్చి పిలవడానికని గుండెల మీద పెట్టిన ఫోనుని ఆవిడ ఎడంచేత్తో తడుముతుంటే వాటంతటవే పడినవి. ఫ్యాను, బొటనవేలు, దుప్పటి అంచు. హైమ ఒకటి తెరిచింది. ఫ్యాను ఉంది, కర్సర్ లేదు. కాన్వాస్ పెంచింది.

కర్సర్ ఎడమ అంచున ఉంది. కదులుతోంది. మంచం మీంచి చూసేవాళ్లకి వంటిల్లు ఎడమవైపు, మెట్లు కుడివైపు. కర్సర్ వంటింటి దగ్గర బయల్దేరి, మధ్యలో కాస్త ఆగి, మెట్లదాకా వెళ్లింది. అది తను రోజూ నడిచే దారి. ఇంకోటి తెరిచింది, అదే దారి. ఇంకోటి, అదే. ఆవిడ ఫ్యానుని ఎన్నడూ చూడలేదు.

హైమ మళ్లీ ఫోన్ చేసింది.

"మూడు సెకన్లయ్యాక ఆగిపోయిందా?" అన్నారు నీలాంబరం.

"ఆగట్లేదు సార్. ఇప్పుడు నా ఎదురుగా వచ్చి నిలబడింది."

"ఫైల్లో మూడు సెకన్ల చూపే ఉంటుందమ్మా. ఆపైన కదలడానికి అందులో ఏమీ లేదు. ఒక్కసారి లేచి నడవండి."

హైమ తెర మీంచి కళ్లు తిప్పకుండా వంటింటివైపు నాలుగడుగులు వేసింది. కర్సర్ ఎడమకు జరిగింది. తను ఆగింది. అదీ ఆగింది.

"ఏమైందమ్మా?"

"అత్తయ్య చూస్తున్నారు సార్" అంది హైమ.

ఆయన సిస్టం ఆపేయమన్నారు. హైమకు ఆపడానికి మనసొప్పలేదు. తెర మీద తువ్వాలు కప్పింది.

మర్నాడు ఇల్లంతా చుట్టాలు. హైమ పెట్టిన ఫ్రేములో చుక్క లేదని కనకదుర్గ గడపలోనే కనిపెట్టింది.

"ఇదేంటి హైమా, చుక్కేది?"

"బయటుంది వదినా."

"అంటే అమ్మని చూడకుండానే తీశావా, రెండేళ్లూ?"

కనకదుర్గ తను తెచ్చిన ఫ్రేము తీసి గోడకు తగిలించింది. కిందటేడు ఒకపూట వచ్చి వెళ్లినప్పుడు తీసిన ఫోటో అది. చుక్క రెండు కనుబొమల నడుమ దీపంలా వెలుగుతోంది. దొంగచుక్క కూడా కాదు, ఆ పూట ఆవిడ నిజంగానే తల్లిని కళ్లారా చూసింది. "కూతురంటే కూతురే" అన్నారు చుట్టాలు. దండ ఆ ఫోటోకే వేశారు. హైమ భర్త శేషగిరి తలొంచుకుని దండ సర్దాడు.

హైమ విస్తళ్ల మధ్య తిరుగుతూ గారెలు వడ్డించింది. అందరూ చేతులు కడుక్కోవడానికి లేచాక, మూలనున్న తువ్వాలు అంచు పైకెత్తి చూసింది. కర్సర్ సరిగ్గా తన ఎదురుగా నిలబడి ఉంది, కదలకుండా. ఆ చూపు హైమకు బాగా తెలుసు. కబుర్లకు కాదు, కోపానికీ కాదు. చేతిలో పని వదిలి తను తిరిగి చూసేదాకా ఆవిడ అలాగే ఉండేది.

"మర్చేపోయాను అత్తయ్యా" అంటూ వంటింట్లోకి వెళ్లి, ఆవిడ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, పక్కకు జరక్కుండా, గడియారం వైపు తిరక్కుండా, తెరకేసి చూస్తూ కూర్చుంది.

కర్సర్ మెల్లగా గ్లాసు ఉన్న వైపు దిగింది. కాసేపు అక్కడుంది. తర్వాత మాయమైంది.

హైమ కాన్వాస్ పెంచలేదు.